అడగకుండా తీసేసే ఫీచర్

“నీ ఫీచర్ జేబుదొంగ లెక్కుంది.”

ప్రమీల ఫోన్‌లో దినేశ్‌తో అన్న మొదటి మాట ఇదే.

‘గంప’ అనేది లినక్స్ కంప్యూటర్లకు ప్యాకేజ్ మేనేజర్. అంటే ఇంటికి పెద్ద పాలేరులాంటిది. ఏ సాఫ్ట్‌వేర్ కావాలన్నా తెచ్చి పెడుతుంది, అక్కర్లేనిది తీసేస్తుంది. దాన్ని ఎక్కడెక్కడి కుర్రకారో జీతం లేకుండా రాస్తున్నారు. అందులో ఇద్దరు తెలుగువాళ్లనీ, ఇద్దరూ సూరత్‌లోనే ఉన్నారనీ కరోనా రెండో విడత తగ్గిన ఆ వానాకాలంలో తేలింది. దినేశ్ కామ్‌రేజ్‌లో, ప్రమీల డిండోలిలో. నెట్ ఆగిపోతుందని ఆమె కెమెరా పెట్టేది కాదు. గొంతు ఒక్కటే వచ్చేది, అదీ ఎండుమిర్చి వేయించినట్టు.

“ఎవరూ వాడని ప్యాకేజీలను గంప తనంతట తానే తీసేస్తే తప్పేంటండీ? చోటు మిగులుతుంది కదా.”

“అడగకుంట తీసేసుడేంది? ఎండ కొట్టంగనే గొడుగు పారేసినట్టు!”

“నడిపి చూడకుండానే తిడితే ఎలా?”

“చూస్త. నా లాప్‌టాప్ మీదనే చూస్త!”

ఇలాంటివి మూలపడ్డ పాత కంప్యూటర్ మీద పరీక్షించాలని ఇద్దరికీ తెలుసు. పంతం ముందు తెలివి ఎప్పుడు నిలబడింది గనుక?

మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగింది.

“గెలిచిన,” అంది ప్రమీల. గెలిచిన గొంతు కాదది. “నీ ఫీచర్ నా లాప్‌టాప్ తెర మీద ఉన్నదంత మింగింది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు తప్ప ఏం లేవు. మా నెట్‌తోని మల్ల దించాలంటే పొద్దుగూకుతది. మూడింటికి నాకు ఇంటర్వ్యూ ఉంది.”

లాక్‌డౌన్‌లో ఉద్యోగం ఊడాక ఆమెకు వచ్చిన పిలుపు అదొక్కటే. ఆ సంగతి దినేశ్‌కు తెలుసు.

“లొకేషన్ పంపండి.”

ఆమెకు కావాల్సిన ప్యాకేజీలన్నీ హార్డ్‌డిస్క్‌లోకి దించుకుని బయల్దేరేసరికి ఒంటిగంట దాటింది. కుండపోత వాన. దినేశ్ రెయిన్‌కోటు తను వేసుకోలేదు, లాప్‌టాప్ బ్యాగుకు తొడిగాడు. మూడు కావస్తుండగా బండి మీద డిండోలి చేరేసరికి అతను నానిన గోనెసంచి, బ్యాగు మాత్రం పెళ్లికొడుకు.

తలుపు తీసిన పిల్ల ముఖంలో మాస్కు పైన రెండు కళ్లే కనిపించాయి.

“దినేశ్‌వేనా? గొంతు ఇని జర ఎత్తుంటవనుకున్న.”

“ఈ కళ్లు ముందే చూసుంటే, అంత తిడతారనుకునేవాణ్ని కాదు.”

కళ్లు ఒక్క క్షణం కిందికి వాలి, వెంటనే లేచాయి.

దినేశ్ తన లాప్‌టాప్ తీసి ఆమె ముందుకు పట్టాడు. “దీని మీద ఇంటర్వ్యూ ఇవ్వండి. ఈలోగా మీది బాగుచేస్తాను.”

“దీంట్ల నీ ఫీచర్ ఉందా?”

“లేదండి.”

“అంటే నీ ఫీచర్ మీద నీకే నమ్మకం లేదు!”

దినేశ్ నోరు తెరిచేలోపు లాప్‌టాప్ లాక్కుని లోపలికి పోయి గడియ పెట్టుకుంది.

వాళ్లమ్మ కనకవ్వ అతన్ని వసారాలో స్టూలు మీద కూర్చోబెట్టి, తువ్వాలిచ్చి, కూతురి లాప్‌టాప్ ముందు పెట్టి, చాయ్ పోసింది. అతను తను తెచ్చిన హార్డ్‌డిస్క్ తగిలించి, అందులోకి ప్యాకేజీలు ఒక్కొక్కటే ఎక్కిస్తున్నాడు. గంపకు మొదట ఉండాల్సింది తీసే ఫీచర్ కాదు, తీసింది తిరిగి పెట్టే ఫీచరని అతనికి అప్పుడు తోచింది.

“ఏ ఊరు బిడ్డా?”

“తెనాలి దగ్గరండీ.”

“గింత వానల ఎందుకొచ్చినవ్?”

“నా వల్లే పాడైంది కదండీ.”

“పాడుచేసినోల్లు ఫోన్ల సారీ అంటరు బిడ్డా. తడుసుకుంట రారు.”

దినేశ్ చాయ్‌తో నోరు కాల్చుకున్నాడు.

ఇంకో చాయ్ అయ్యాక గడియ తీసిన చప్పుడైంది. ప్రమీల వచ్చి గడప మీద నిలబడింది.

“ఏమడిగారు?”

“టీమ్‌ల ఎవరితోనన్న పడకుంటే ఏంజేస్తవన్నరు.”

“మీరేమన్నారు?”

“ఒకాయనతోని రోజూ లొల్లే, ఇప్పుడు ఆయన లాప్‌టాప్ మీదనే మాట్లాడుతున్న అన్న. నవ్విన్రు. మరి ఇప్పుడు ఆయనతో పడుతదా అన్నరు.”

దినేశ్ వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. “ఏం చెప్పారు?”

ప్రమీల మాస్కు కిందికి లాగింది. ఎండుమిర్చి గొంతున్న ముఖంలో అంత నవ్వు ఉంటుందని అతను అనుకోలేదు.

“ఉద్యోగం సంగతి సోమారం చెప్తమన్నరు. గీ సంగతి మాత్రం నేను అప్పుడే చెప్పేసిన. పడుతదని.”

లోపలి నుంచి కనకవ్వ కేకేసింది. “ఇంటర్వ్యూ అయిపోయిందానే?”

“నాది అయిందవ్వా,” అంది ప్రమీల, అతని మీద నుంచి చూపు తిప్పకుండా. “బాపు కార్ఖానా నుంచి వచ్చేదాక ఈయన్ను కూసోమను. ఈయనదుంది.”