నాలుగు ఇత్తడి స్క్రూలు

ఆ ఇంట్లో, ఇల్లంతా వెచ్చచేసే గ్యాసు హీటరు పని అంటే చాలు, మెకానిక్కులందరికీ ఒక్కసారే కడుపునొప్పి వచ్చేదట. చలికాలం రాగానే పై అంతస్తు హాల్లో గోడమీద, ఇంటి వేడిని చూపే థర్మోస్టాట్ తెర ఆరిపోయేది. ఎంతమంది బాగుచేసినా మళ్ళీ అంతే. పన్నెండేళ్ల కిందట, ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు, ఒక మెకానిక్కు అక్కడే మెట్ల కింద హీటరు గదిలో చచ్చిపడి ఉన్నాడు మరి... ఎలా పోయాడో ఎవరికీ తెలియదు.

ఈసారి తెర ఆరిన రాత్రి వెళ్ళింది అతని కూతురే. తండ్రి పనే ఆమె పనీ.

"ఆ గుమ్మం తొక్కకే తల్లీ" అని అమ్మ మొత్తుకుంది.

"దెయ్యం లేదు, గియ్యం లేదమ్మా" అందట.

ఆ ఇంట్లో ఉన్నది చెవుడున్న ఇంటి యజమాని, ఒక ముసలి తాత ఒక్కడే. "చూడమ్మా, తెర అమావాస్యలా ఉంది" అన్నాడు.

ఫ్యూజు చూసింది. తీగలు చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి మెట్ల కింద గది తలుపు తీసింది.

హీటరు మూత ఊడిపోయి, గోడకు ఆనించి ఉంది. ఓస్, ఇంతేనా! మూత బిగిసి ఉంటేనే కరెంటు. అది ఊడితే మంటా ఆగుతుంది, పైన తెరా ఆరుతుంది. పాత తుప్పు స్క్రూలు పారేసి, నాలుగు కొత్త ఇత్తడి స్క్రూలు గట్టిగా బిగించింది.

"వచ్చిందమ్మా! వెలిగింది!" పైనుంచి తాత కేక.

నాన్న నేర్పిన పద్ధతులు ఆమె ఏనాడూ తప్పలేదు. తీసిన స్క్రూలు వరసగా, తలకిందులుగా నిలబెట్టాలి, అప్పుడు పోవు. పని కాగానే పనిముట్లు ముందు సంచిలోకి. స్క్రూడ్రైవరు, టార్చి, ఫోను సంచిలో వేసి గుమ్మం బయట పెట్టింది. మంట సరిగ్గా ఉందో లేదోనని మళ్ళీ లోపలికి వెళ్ళి ఒక్కసారి వంగింది...

ధడేల్—

వెనక తలుపు మూసుకుపోయింది. లోపలివైపు పిడి లేదు.

"తాతా! తాతా!" అచ్చంగా చెవిటివాడి ముందు శంఖమే.

హీటరు గుర్రున మండుతోంది. పొగ బయటికి పోవడం లేదు. గొంతు మండింది, తల తిరిగింది. అప్పుడు అర్థమైంది... నాన్న ఎలా పోయాడో.

మూత తీస్తే చాలు. మంట ఆగుతుంది, తెర ఆరుతుంది, తాత దిగివస్తాడు. చీకట్లో తడిమింది. తన చేత్తో తనే బిగించిన స్క్రూలు! స్క్రూడ్రైవరేమో బయట. గోళ్ళు విరిగాయి గానీ ఒక్కటీ కదల్లేదు. నాన్న కూడా ఇక్కడే, ఈ మూతనే పట్టుకుని పీకి ఉంటాడు... అది తలచుకుంటే ఏడుపు ఆగలేదు.

"నాన్నా..." అంటూ తలుపు దగ్గర కూలబడింది.

టక్.

మంట ఆరిపోయింది.

ఎంతసేపో... తలుపు తెరుచుకుంది. చల్లగాలి. టార్చి పట్టుకుని తాత.

"ఇప్పుడే కదమ్మా బిగించావు, మళ్ళీ ఎందుకు తీశావు? తెర ఆరిపోతే దిగివచ్చాను."

"నేను... తీయలేదు తాతా."

తాత టార్చి లోపలికి తిప్పాడు. మూత గోడకు ఆనించి ఉంది. దాని పక్కన, నేలమీద, నాలుగు ఇత్తడి స్క్రూలు... వరసగా, తలకిందులుగా నిలబడి ఉన్నాయి.