తాళం వేసిన షెడ్డులో ఆవిరి

చీకటి పడ్డాక ఆ కోళ్ల షెడ్డు వైపు వెళ్లేవాళ్లు లేరు. సందులన్నీ చుట్టి తిరిగైనా వెళ్లేవారు గానీ ఆ గోడ నీడ తొక్కేవారు కారట.

యజమాని పోయిన దగ్గర్నుంచీ షెడ్డుకి తాళం. కోడిని కోసింది లేదు, ఈక పీకింది లేదు. అయినా పైకిటికీలోంచి ఆవిరి వచ్చేది... లోపల ఎవరో నీళ్లు కాస్తున్నట్టు.

మొదట చూసింది పాలవాడు — పొద్దెక్కాక. కొన్నాళ్లకి దర్జీ — మిట్టమధ్యాహ్నం. ఆ తర్వాత వాచ్‌మన్ — దీపాలు పెట్టాక. దెయ్యమన్నాక దానికో వేళాపాళా ఉండాలి కదా, దీనికి అదీ లేదు. చచ్చిన కోళ్లన్నీ కూడబలుక్కుని వంతులేసుకుని వస్తున్నాయన్నాడు దర్జీ. ఎవరూ నవ్వలేదు. షెడ్డు మళ్లీ తెరిస్తే వస్తామన్న పనివాళ్లిద్దరూ ఇటు తొంగిచూడటం మానేశారు.

ఇదంతా యజమాని భార్య చెవిన పడుతూనే ఉంది. ఆమెకి భయం వేయలేదు. ఏడుపూ రాలేదు. ఆయన్ని మోసుకెళ్లిన రోజు నుంచీ ఆమెకి ఏదీ మనసుకి తగలడం లేదు. తిన్నా ఒకటే, మానినా ఒకటే.

రోజుకోసారి మాత్రం వెళ్లి తాళం తీసేది. కోసిన కోళ్లని వేడినీళ్లలో ముంచే తొట్టి కడిగి కొత్త నీళ్లు నింపేది. ఈకలు పీకే డ్రమ్ములో రబ్బరు వేళ్లు ఒక్కొక్కటీ వంచి, బీటలిచ్చాయేమో చూసేది. బేరింగుకి గ్రీజు పెట్టేది. ఒక్కోసారి తొట్టిలో నీళ్లు గోరువెచ్చగా తగిలేవి. రేకుల వేడేమో అనుకునేది... అసలు ఏమీ అనుకునేది కాదేమో కూడా.

"రేపు బేరగాడొస్తాడు వదినా," అన్నాడు మరిది. "పనివాళ్లే రానప్పుడు ఈ సామాను ఏం చేసుకుంటాం? నువ్వు ఊఁ అంటే రేపే ఎత్తించేస్తా."

"ఊఁ," అంది.

ఆయన ఏరి ఏరి తెచ్చిన సామాను అది. దుకాణంవాడు పెద్ద డ్రమ్ము అంటగట్టబోతే, "ఇది తిప్పడానికి మాకు కోళ్లేవయ్యా?" అని చిన్నదే పట్టుబట్టాడు. రంగు వేసిన తొట్టి పెచ్చులూడుతుందని స్టీలుదే తెచ్చాడు. రేపటితో అన్నీ పోతాయి. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసినా ఏమీ అనిపించలేదు.

ఆ రాత్రి ఆఖరిసారి కడిగి పెడదామని వెళ్లింది. మరిది టార్చి పట్టుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. తొట్టి నింపింది. డ్రమ్ము తుడుస్తోంది...

టక్.

తొట్టి వెనక నుంచి వచ్చింది ఆ చప్పుడు. కాసేపటికి సన్నగా — సుయ్య్...

"వదినా... వచ్చెయ్," అన్నాడు మరిది గుసగుసగా.

ఆమె తుడవడం ఆపలేదు. ఆ చప్పుడు పెరిగింది. తొట్టి మూత అంచుల్లోంచి ఆవిరి లేచింది... మెల్లగా, ఎవరో ఊపిరి వదిలినట్టు.

"వదినా!"

పారిపోయి మాత్రం చేసేదేముంది? చేతిలో గుడ్డ పెట్టేసి తొట్టి వెనక్కి వంగింది. గ్రీజు డబ్బా పక్కకి జరిపింది. గోడకి అరచేతంత పెట్టె... దాని మీద చిన్న గడియారం.

"ఇదేమిటి?"

మరిది గుమ్మం దగ్గర్నుంచే టార్చి వేశాడు. తర్వాత బిక్కుబిక్కుమంటూ లోపలికొచ్చాడు. చూసి, పెద్దగా ఊపిరి వదిలాడు.

"టైమరు వదినా! ఇదొకటుందన్న సంగతే మర్చిపోయాను. తెల్లవారుజామున దానంతటదే హీటరు వేస్తుంది. కరెంటు పోతే ఈ గడియారమూ ఆగిపోతుంది. పోయినప్పుడల్లా వెనకబడుతుంది. అన్నయ్య సరిచేసేవాడు. ఆయన పోయాక ఎవరూ ముట్టుకోలేదు కదా... దీనికి ఇప్పుడు తెల్లవారుజాము."

ఆమె గడియారం మీది దుమ్ము వేలితో తుడిచింది.

"ఎప్పుడు పెట్టించారు?"

"షెడ్డు మొదలెట్టినప్పుడే."

మొదలెట్టినప్పుడే! 'సాయంత్రం నీళ్లు నింపి పెట్టు చాలు, చలిలో లేచి నేను కాస్తాలే' అనేవాడు. రోజూ తెల్లవారగానే, "నీకోసం నిద్ర చెడగొట్టుకుని కాచానోయ్, నీలాంటి అదృష్టవంతురాలు ఉందా?" అని మొదటి టీ గ్లాసు దర్జాగా అందుకునేవాడు. ఆమె వీధి వీధంతా చెప్పుకుని మురిసిపోయింది. ఆ మహానుభావుడేమో, ఇంత కాలమూ బయట మంచం మీద ముసుగు తన్ని పడుకున్నాడన్నమాట.

"దొంగమొహం," అంది.

నవ్వొచ్చింది. నెలల తర్వాత వచ్చిన నవ్వు... సగంలో మరొకటైపోయింది. తొట్టికి ఆనుకుని కూలబడింది. భోరుమని ఏడ్చింది. ఆయన పోయాడని ఆమెకి ఆ రాత్రే తెలిసింది.

ఏడ్చి ఏడ్చి, కొంగుతో మొహం తుడుచుకుంది. గడియారాన్ని అసలు టైముకి తిప్పింది.

"బేరగాణ్ణి రావద్దను. పనివాళ్లకి కబురు పెట్టు."

"టైమరని చెబితే పరిగెత్తుకొస్తారు వదినా!"

"టైమరు మాట నోట రానిచ్చావో చూడు," అంది. "మీ అన్నయ్య చలిలో లేచి కాచేవాడనే అందరికీ తెలుసు. ఇకనుంచి వదిన లేచి కాస్తోందని చెప్పు."