గోడ అవతలి సబ్బునీళ్లు

2003 జనవరి 19, ఆదివారం, ఉదయం ఆరున్నర. బుక్కరాయసముద్రంలో బసప్ప ఇంటి పెరట్లో, గోడ వెంబడి ఉన్న నాలుగు మల్లె పాదులు తడిసి ఉన్నాయి. లోపలి వరస మల్లెలు పొడిగానే ఉన్నాయి. నీళ్లు పోసింది ఎవరో ఇంట్లో ఎవరికీ తెలియదు.

ముందుగా చూసింది బసప్ప కూతురు త్రివేణి. చీపురు పక్కన పెట్టి పాదులో వేలు గుచ్చింది. వేలు రెండు కణుపుల దాకా దిగింది. తలెత్తి ఆకాశం వైపు చూసింది. ఊళ్లో వాన పడి నెలలయింది.

"నాయనా, చెట్లకు నీళ్లు పోసినావా?"

"బర్రెలకే లేవు, చెట్లకు యాడ పోసేది?" బసప్ప పాలచెంబు కడుగుతూ అన్నాడు. "నువ్వే పోసి మర్చిపోయింటావు."

త్రివేణి మర్చిపోయే మనిషి కాదు. డిసెంబర్ మొదట్లో నీళ్లు ఆపింది తనే. మల్లెను చలికాలంలో వాడగొట్టాలి. ఆకు పండి రాలాక కొమ్మలు కత్తిరించాలి. ఫిబ్రవరిలో పాదులు తవ్వి, ఎరువు వేసి, అప్పుడు తడి ఇస్తే మొగ్గ కడుతుంది. మధ్యలో తడి తగిలితే చెట్టు చిగురు మీద పడుతుంది, పూత రాదు.

ఈ ఏడు పూత రావాలి. పెరట్లో బర్రెలకు కొట్టం వేస్తానని బసప్ప దసరా నుంచి అంటున్నాడు. త్రివేణి ఒప్పుకోలేదు. చివరికి తండ్రీకూతుళ్లు ఒక మాటకు వచ్చారు. ఉగాది నాడు దేవుడి పటానికి సరిపడా పూలు వస్తే చెట్లు ఉంటాయి. రాకుంటే గడ్డపార దిగుతుంది.

ఆమె తడి మట్టి పిడికెడు తీసి వాసన చూసింది. గంధం సబ్బు వాసన. వాళ్లింట్లో గంధం సబ్బు వాడరు.

అనుమానం గోడ దాటింది. అవతల బయమ్మ ఇల్లు. "మల్లెచెట్లకు పాములు వస్తాయన్నా, పీకేయించు," అని బయమ్మ ఇదివరకే బసప్పకు చెప్పి చూసింది. మాటతో కానిది సబ్బునీళ్లతో చేయిస్తోందా?

మధ్యాహ్నం త్రివేణి గోడ దగ్గర నిలబడింది. గోడ అంటే వరసగా నాటిన బండలే. మెడ ఎత్తు ఉంటాయి.

"అత్తా, మీ ఇంట్లో గంధం సబ్బు ఎవురు వాడతారు?"

బయమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. "ఎందుకు?"

"ఊరికే. వాసన బాగుండాది."

"బాగుండదా మరి, రెండు పూటలా రుద్దితే? మా కొడుకు మల్లికార్జునే. ఈ కరువులో రెండు పూటలా స్నానం. చెరువు కింద బావికి పోయి, బండికి రెండు క్యాన్లు కట్టుకొని తెచ్చుకుంటాడు. తాగేకి కాదు, పోసుకునేకి." బయమ్మ చాట కింద పెట్టి గొంతు తగ్గించింది. "యాడో ఎవుర్నో చూసుకున్నాడు. నువ్వు ఫోన్ బూత్‌లో కూర్చుంటావు గదా పాపా. ఎవురికన్నా చేస్తాడా?"

"కనుక్కుంటాలే అత్తా."

త్రివేణి డిగ్రీ అయిపోయాక బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్‌లో పనిచేస్తోంది. మల్లికార్జునది ఆ వరసలోనే మోటార్ల వైండింగ్ షాపు. మంగళవారం అతను బూత్‌కు వచ్చాడు.

"గుత్తికి ఒక కాల్."

"ఎవురికి?"

"నంబర్ ఇస్తే చాలదా?"

"రూల్ మారింది."

"రాగితీగ అమ్మే షాపుకు. మీసాలాయన ఎత్తుతాడు. వింటావా?"

"వింటా."

ఆమె నిజంగానే విన్నది. అవతల మాట్లాడింది మగ గొంతే. తీగ సైజు తప్ప వేరే మాట రాలేదు. మల్లికార్జున క్యాబిన్ తలుపు తీసి బయటికి వచ్చాడు. అతనితోపాటు వాసన కూడా వచ్చింది.

"మోటార్లు విప్పేటోని దగ్గర గ్రీజు వాసన రావాల," అంది త్రివేణి. "నీ దగ్గర గంధం వాసన వస్తాండాది."

"మంచిదే గదా."

"మా మల్లెచెట్ల దగ్గర గూడా అదే వాసన వస్తాండాదప్పా. అదే డౌటు."

మల్లికార్జున చిల్లర తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

మర్నాడు తెల్లవారగానే త్రివేణి గోడకు ఆనుకొని కూర్చుంది. మూడో బండకూ నాలుగో బండకూ మధ్య, అడుగున, సందులో గోనెపట్ట కుక్కి ఉంది. అవతల నీళ్లు ఒలికిన చప్పుడైంది. ఎవరో గోనెపట్టను లాగారు. సందులోంచి నురగతో నీళ్లు వచ్చి మొదటి పాదులోకి పోయాయి.

ఆమె రెండు చేతులా మట్టి తీసి సందు మూసింది. పైన ఒక రాయి పెట్టింది.

కాసేపటికి అవతల నుంచి, "ఇదేందిది, వెనక్కొస్తాండాయి," అన్న మాట వినిపించింది. ఆ తర్వాత గోడ మీద తల కనిపించింది. తల నిండా నురగ ఉంది. భుజాల మీద తువ్వాలు ఉంది.

"పాములు రాకుండా సబ్బునీళ్లా?" అంది త్రివేణి.

"పాములేంది?"

"మీ అమ్మ పోయమనిందా?"

"మా అమ్మకు తెలిస్తే క్యాన్లు దాచిపెడుతుంది." అతను కళ్ల మీద నురగ తుడుచుకున్నాడు. "మీ బావి ఎండిపోయిందనుకున్నా. ఆకు రాలిపోతాండాది. చచ్చిపోతాయేమో అని..."

"ఎండబెట్టింది నేనే."

"ఎవురన్నా చెట్లను ఎండబెడతారా?"

"మల్లెను ఎండబెడతారు. నువ్వు పోసినందుకు ఇదో, చూడు." ఆమె కొమ్మ వంచి చూపించింది. కొసన లేత ఆకులు ఉన్నాయి. "ఈ నాలుగూ చిగురేసినాయి. ఇంక మొగ్గ రాదు. ఉగాదికి పూలు లేకుంటే మా నాయన పీకేసి కొట్టం వేస్తాడు. నీకు తెల్దా?"

"తెలుసు. అందుకే పోసింది."

త్రివేణి కొమ్మ వదిలేసింది. "కొట్టం వేస్తే నీకేం నష్టం?"

అతను తువ్వాలు సర్దుకున్నాడు. నురగ చెవుల మీదికి జారుతోంది.

"కొట్టమొస్తే పొద్దున్నే నువ్వు ఈడికి రావు. మీ నాయన వస్తాడు," అన్నాడు.

"రెండు పూటలా స్నానం అందుకేనా?"

"ఒక పూట నీళ్లు రెండో పాదు దాకా పోలేదు."

ఆమెకు నవ్వు వచ్చింది. నవ్వలేదు. "అడిగి పోయొచ్చు గదా?"

"నిన్నా? బూత్‌లో మూడో మాట మాట్లాడితే మీటర్ చూపిస్తావు."

"ఇదంతా నిజమని ఎట్ల నమ్మేది?"

"నమ్మొద్దులే. మళ్లీ నీళ్లు ఎప్పుడు కావాలో చెప్పు. అప్పుడు చూడు."

"శివరాత్రికి ముందు. చెప్పినప్పుడే వదలాల."

"సరే."

"సబ్బు లేకుండా."

జనవరి ఆఖరులో త్రివేణి చెట్లన్నీ కత్తిరించింది. గోడ పక్క నాలుగింటికీ చిగురు చేత్తో దూసేసింది. ఫిబ్రవరి మధ్యలో పాదులు తవ్వి పేడఎరువు వేసింది. బావి నీళ్లు లోపలి వరసకే సరిపోయాయి. ఆమె సందులోని రాయి తీసి, బండ మీద రెండుసార్లు తట్టింది. నీళ్లు వచ్చాయి. దోసిట్లో పట్టి వాసన చూసింది. సబ్బు వాసన లేదు. మరుసటి పూట కూడా చూసింది. అప్పుడూ లేదు.

వారం తిరక్కుండానే బయమ్మ పాలకు బసప్ప దగ్గరికి వచ్చింది.

"అన్నా, నా కొడుకు సబ్బు మానేసినాడు. రెండు పూటలా వట్టి నీళ్లే. తలకు షాంపూ గూడా లేదు. ఏం మొక్కుకున్నాడో, ఎవురు పెట్టిన టెన్షనో."

బసప్ప పాలు కొలిచి పోశాడు. తర్వాత పెరట్లోకి వెళ్లి గోడ పక్క పాదులు చూశాడు. సందు చూశాడు. కూతురు వైపు చూశాడు.

"బావిలో నీళ్లు బాగానే ఊరతాండాయే," అన్నాడు.

"ఊ," అంది త్రివేణి.

ఆయన అప్పటి నుంచి పొద్దున పెరట్లోకి వచ్చేముందు గట్టిగా దగ్గడం మొదలుపెట్టాడు.

ఏప్రిల్ 2, బుధవారం, ఉగాది. లోపలి వరస పూసింది. త్రివేణి పొద్దున్నే కోసి మాల కట్టింది. దేవుడి పటానికి వేయగా ఇంకా మిగిలాయి. గోడ పక్క నాలుగు చెట్లకు ఆకు ఉంది, పూలు లేవు.

తలంటుకొని వచ్చిన బసప్ప పటం చూశాడు. మూల ఉన్న గడ్డపార తీసుకొని పెరట్లోకి నడిచాడు. నేరుగా గోడ వైపు పోయాడు.

"నాయనా, పటానికి చాలినాయి గదా," త్రివేణి వెనకాలే వచ్చింది. "ఆ నాలుగూ ఆలస్యంగా పూస్తాయి."

"పక్కకు జరుగు."

అవతల మల్లికార్జున, బయమ్మ గోడ దగ్గరికి వచ్చారు. బసప్ప గడ్డపారను మూడో బండ కింద దింపాడు. రెండు పోట్లకు బండ కదిలింది.

"ఏమన్నా, గోడ పీకుతాండావు?" అంది బయమ్మ.

"నీళ్లు ఆ సందులో నుంచి ఎంతకాలం వస్తాయమ్మా?" అన్నాడు బసప్ప. "ఏమప్పా అల్లుడూ, చూస్తాండావు? ఆ కొస పట్టు."

మల్లికార్జున కొస పట్టాడు. ఇద్దరూ బండను మోసుకొచ్చి బావి పక్కన పడేశారు. త్రివేణి లోపలికి వెళ్లి మిగిలిన పూలు తెచ్చి, గోడలో పడిన దారి గుండా అవతలికి నడిచింది. మూర తుంచి బయమ్మ చేతికి ఇచ్చింది.

బయమ్మ పూలలో పాము ఉందేమో అన్నట్టు విదిలించి చూసి, తలలో పెట్టుకుంది.

ఆ బండ మీద ఇప్పుడు రెండిళ్ల వాళ్లూ బట్టలు ఉతుకుతున్నారు. గోడలో దాని చోటు ఖాళీగా ఉంది.