అక్కాచెల్లెళ్ళది చెరో సగం

"స్కేలు పెట్టి గీసిందమ్మా నీ చిన్న కూతురు!" అంటూ పెకోన్ ఆ తెల్లగుడ్డను తల్లి ఒడిలో పడేసింది. "కావాలంటే చూడు, పెన్సిల్ గీతలు. మన ఇంటావంటా ఉందా ఇది?"

చెల్లెలు వెస్నా తల దించుకుంది. పదేళ్ళు లీమా నగరంలో ఇళ్ళలో పాచిపని చేసి, అమ్మ కుడిచెయ్యి పక్షవాతంతో పడిపోయిందని తెలిసి పరుగున ఈ ఏటి ఒడ్డుకు వచ్చింది. అమ్మ గీయాల్సిన గుడ్డ ఆదివారం ఊరి ఆడవాళ్ళ సభలో వేలాడాలి. దాని మీద తన గీత పడకపోతే ఈ ఇంటి ఆడపిల్లనని ఏ ముఖంతో చెప్పుకుంటుంది...? ఆ భయంతోనే స్కేలు పట్టింది, పిచ్చిది!

"నీకు గీతలు మనసులో కనిపిస్తే కదే గీయడానికి. ఫోనులో ఫొటో చూసి దించుకునే రకం" అంది పెకోన్.

"కనిపిస్తాయక్కా. అంట్లు తోముతున్నా కనిపించేవి. అక్కడ ఎవరికి చెప్పుకోను..." అంది వెస్నా.

తల్లి ఇంకో గుడ్డ పరిపించింది. "నోళ్ళు మూసుకుని చెరో చివర కూర్చోండి. ఒకళ్ళ పని ఒకళ్ళు చూశారో, ఊరుకోను." మధ్యన చాప అడ్డంగా నిలబెట్టించి, ముగ్గురూ ఒకచోట ఉన్న రోజుల నాటి గీతల పాట, గీత ఎటు తిరగాలో చెప్పే పాట, సన్నగా అందుకుంది.

ఇద్దరూ బెరడు కషాయంలో పుల్లలు ముంచి గీస్తూ వచ్చారు. పాట వంపు తిరిగిన చోట వెస్నా చెయ్యి కూడా తిరిగింది. ఏడుస్తూనే చాప దాకా గీసింది. తడి ఆరాక, వాళ్ళను అటు తిప్పి కూర్చోబెట్టి కషాయపు గీతలు నల్లబడడానికి తల్లే ఎడమచేత్తో గుడ్డంతా ఏటిబురద పులిమింది.

మధ్యాహ్నం ఇద్దరూ గుడ్డను ఏట్లో జాడించారు. బురద కొట్టుకుపోయి గీతలు నల్లగా తేలాయి. ఒక్కటీ తెగలేదు! అటునుంచి వచ్చిన ప్రతి గీతా ఇటునుంచి వచ్చినదానితో కలిసిపోయింది. పెకోన్ అతుకు కోసం వేలితో తడిమింది, మళ్ళీ తడిమింది... కళ్ళు నిండిపోయాయి.

చెరో సగం గీశారని తెలిసి గట్టు మీద ఆడవాళ్ళు మూగారు. "ఇందులో నీ సగం ఏదే, పెకోన్?"

పెకోన్ గుడ్డను అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాదేదో నాకే తెలీట్లేదు. దాన్ని అడగండి, మా చెల్లెల్ని."