ఎవరిదీ కాని మూడెకరాలు

2019 సెప్టెంబర్ 28, శనివారం, పెత్రామాస, అంటే పెద్దలకు బియ్యమిచ్చే అమావాస్య. మధ్యాహ్నం పన్నెండున్నరకు గొర్లగుండం శివారులోని సర్కారు భూమిలో సోమన్న అనే మంత్రగాడు చనిపోయాడు. ఒంటి మీద దెబ్బ లేదు. నోటి నిండా, గొంతు లోపలి దాకా మట్టి ఉంది. ఆ మట్టి ఎవరూ పోయలేదని అక్కడున్న వాళ్ళంతా పోలీసులకు చెప్పారు. సర్పంచ్ యాదలక్ష్మి మాత్రం ఏమీ చెప్పలేదు.

గొర్లగుండం చిట్యాల నుంచి లోపలికి పోయే రోడ్డు మీద ఉంటుంది. ఊరి బయట గుట్ట కింద మూడెకరాల నేల రికార్డుల్లో సర్కారుది. అక్కడ ఎవరూ పంట వేయలేదు. గొర్లు కాసే కుటుంబాల్లో చిన్నపిల్లలు పోతే ఆ నేలలో పూడ్చేవాళ్ళు. తండ్రి, మేనమామ వెళ్ళి గుంత తీసి, పూడ్చి, కుక్కలు తవ్వకుండా మీద తుమ్మకంప పరిచి, రాళ్ళు పెట్టి వస్తారు. తల్లి వెళ్ళదు. ఏ చోట పెట్టారో తల్లికి చెప్పరు. చెబితే ఆమె పోయి అక్కడే కూర్చుంటుందని, ఇల్లు ఆగమవుతుందని పెద్దలు అనేవాళ్ళు.

సోమన్న ఆ నేలకు పదేళ్ళ కింద వచ్చాడు. ఎక్కడివాడో ఎవరికీ తెలియదు. రేకుల షెడ్డు వేసుకున్నాడు. జీవాలకు రోగమొస్తే తాయెత్తు కట్టేవాడు. మనుషులు తలుపు మూసి అడిగే పనులు కూడా చేసేవాడు. అతన్ని ఎవరూ కదపలేదు. నేల సర్కారుది కాబట్టి ఊరు అడగలేదు. నేల ఊరికి దూరంగా ఉంది కాబట్టి సర్కారు అడగలేదు.

యాదలక్ష్మి, సైదులు దంపతులకు ఒక్కతే కూతురు. పేరు నిహారిక. నాలుగేళ్ళ వయసులో, 2018 ఆగస్టులో, జ్వరంతో నల్గొండ దవాఖానలో పోయింది. సైదులు, తన బావమరిదితో కలిసి, గుట్ట కింద పూడ్చి కంప కప్పి వచ్చాడు. వచ్చి కాళ్ళు కడుక్కున్నాడు. యాదలక్ష్మి ఎక్కడ అని అడిగింది. అతను చెప్పలేదు.

మరుసటి జనవరిలో సర్పంచ్ పదవి మహిళకు వచ్చింది. ఊళ్ళో వాళ్ళు యాదలక్ష్మిని నిలబెట్టారు. గెలిచింది. గెలిచిన నెలకు ఎవరికీ చెప్పకుండా సోమన్న షెడ్డుకు వెళ్ళింది.

"నా బిడ్డ ఎక్కడున్నదో చూపియ్యి," అంది.

"చూపిస్త. కంప నువ్వు తియ్యాలె," అన్నాడు సోమన్న. "తల్లి చెయ్యే పడాలె. తీసినవంటే చూసుడే గాదు, మాట్లాడిపిస్త."

అతను చూపిన చోట ఆమె తీసింది. ముళ్ళు గీరుకొని మోచేతుల దాకా నెత్తురు కారింది. ఇక వెనక్కి చూడకుండా పొమ్మన్నాడు. పోయింది. తల్లే తన చేతులతో కంప తీసేసిన బిడ్డ, తీయించిన వాడి వశమవుతుంది. ఈ సంగతి అతనికి తెలుసు. ఆమెకు తెలియదు.

తర్వాతి అమావాస్య నాడు, ఎండ నడినెత్తికొచ్చాక, ఆమె షెడ్డులోకి వెళ్ళింది. బూడిదతో వేసిన ముగ్గు మధ్యలో ఒక చిన్న తల ఉంది. పసుపు పూసి ఉంది. సోమన్న పెదవులు కదిపాడు. షెడ్డు మీద రేకులు టపటపా కొట్టుకున్నాయి. బయట గాలి లేదు!

"అమ్మా..."

ఆ తలలోంచి వచ్చింది నిహారిక గొంతు.

"అమ్మా, బుడ్డోడు పెద్దగైండా?"

బుడ్డోడు అంటే తల్లి లేని గొర్రెపిల్ల. నిహారిక దానికి సీసాతో పాలు తాపేది. పిల్ల పోయిన నెలకే సైదులు దాన్ని అమ్మేశాడు. పొద్దున లేస్తే అది నిహారిక మంచం దగ్గరికే పోయి నిలబడేది. చూడలేక అమ్మాడు.

"పెద్దగైండు బిడ్డా. కొమ్ములొచ్చినయ్," అంది యాదలక్ష్మి.

అప్పటి నుంచి ప్రతి అమావాస్యకు వెళ్ళింది. సైదులుకు మండలాఫీసులో మీటింగ్ అని చెప్పేది.

ఆ ఏడాది సెప్టెంబర్‌లో ఊళ్ళన్నిటికీ ముప్పై రోజుల కార్యక్రమం వచ్చింది. ప్రతి ఊరికి శ్మశానం ఉండాలి. సర్కారు భూమి ఉన్న చోట తహసీల్దారు దాన్ని పంచాయతీకి అప్పగించాలి. గుట్ట కింది మూడెకరాలకు ఆర్డర్ వచ్చింది. రెవెన్యూ ఆఫీసు నుంచి గిర్దావర్ వచ్చి హద్దులు చూపిస్తాడు. సర్పంచ్ సంతకం పెట్టి నేలను స్వాధీనం చేసుకుంటే అది ఊరిదవుతుంది.

పంచాయతీ కార్యదర్శి మంజులత ఆ ఆర్డర్‌ను స్కూటీ మీద తెచ్చింది. ఉద్యోగంలో చేరి ఆర్నెల్లు.

"అక్కా, మండలంల మనదే ఫస్టు! పక్కూరోళ్ళకు గజం జాగ దొరుకుతలేదు," అంది.

"ఇప్పుడే ఏం తొందర మేడం. పండుగైనంక చూద్దాం," అంది యాదలక్ష్మి.

గిర్దావర్ రెండుసార్లు వచ్చి తిరిగి వెళ్ళాడు. ఒకసారి సర్పంచ్‌కు తలనొప్పి. ఇంకోసారి ఇంట్లో లేదు. ఊళ్ళో మాటలు మొదలయ్యాయి. చాయ్ హోటల్ దగ్గర, వరసకు బావమరిదయ్యే ఎల్లేశం సైదులును ఆపాడు.

"ఏం బావా, మా చెల్లెకు కలం దొరుకుతలేదా? మా పోరని జామెట్రీ బాక్సుల రెండున్నయ్. ఒకటి ఇయ్యమంటవా?"

అక్కడున్న వాళ్ళు నవ్వారు. సైదులు చాయ్ సగంలో వదిలేసి ఇంటికి వచ్చాడు. భార్యను అడిగాడు. ఆమె గోడ వైపు తిరిగి కూర్చుంది.

పెత్రామాసకు ముందు రోజు యాదలక్ష్మి పిలవకుండానే షెడ్డుకు వెళ్ళింది. నేల ఊరికి పోతే ఏమవుతుందని అడిగింది.

"సర్కారుకు కండ్లు లేవు. ఊరికుంటయ్," అన్నాడు సోమన్న. "ఎవలదీ గాని నేలల్నే నా మంత్రం నిలబడ్తది. మీరు రాళ్ళు పాతి, చుట్టూ పొలి బియ్యం చల్లిండ్రనుకో, ఈడ పండుకున్నోళ్ళంతా ఊరోళ్ళైతరు. నీ బిడ్డ నోరు మూతబడ్తది. మళ్ళ తెరుచుకోదు... ఎన్నటికీ!"

సోమన్న ఆమె కుడిచేతి వైపు చూశాడు.

"సంతకం పెట్టినవో... ఆ చెయ్యి కుళ్ళి రాలుతది! పెట్టకుంటే నెలనెలా వచ్చి మాట్లాడుకో. కానీ ఉన్న బలం చాలుతలేదు. భాగ్యలక్ష్మి కొడుకు మొన్ననే పోయిండు గదా. ఆమెను తోలుకరా. కంప తియ్యమను."

యాదలక్ష్మి అక్కడి నుంచి నేరుగా భాగ్యలక్ష్మి ఇంటికి వెళ్ళింది. భాగ్యలక్ష్మి గడప మీద కూర్చుని ఉంది. కొడుకు చొక్కా ఒకటి ఒళ్ళో పెట్టుకుని గుండీలు పెడుతోంది, విప్పుతోంది. సర్పంచ్‌ను చూసి లేవబోయింది.

"కూసో," అంది యాదలక్ష్మి.

"అక్కా, మా ఆయిన చెప్తలేడు. నా కొడుకును ఏ దిక్కు పెట్టిండ్రో నీకేమన్న ఎరికనా? సర్పంచువు గదా. ఒక్కసారి సూసొస్త. ఒక్కసారే..."

యాదలక్ష్మి నోరు తెరిచింది. ఆ మాట తను సోమన్నను అడిగిన మాటే. వెనక్కి తిరిగి ఇంటికి వచ్చింది. సాయంత్రం అత్త గుర్వమ్మ బియ్యం ఏరుతోంది. సైదులు గొర్లను దొడ్లోకి తోలుతున్నాడు. ఇద్దరినీ కూర్చోబెట్టి మొత్తం చెప్పింది.

సైదులు అరవలేదు.

"నేను గట్టిగనే కప్పి వచ్చిన లచ్చిమీ. నాలుగు మోపులు కప్పిన."

"నేనే తీసిన," అంది ఆమె.

గుర్వమ్మ చేటను కింద పెట్టింది. "పిల్లకు పానం లేదనుకున్నం. నెమ్మది గూడ లేదు. రేపు పెత్రామాస. పొలి నేను కలుపుత. నువ్వు సంతకం చెయ్యి కోడలా."

"చేస్తే అది మాట్లాడదత్తా."

గుర్వమ్మ దగ్గరికి జరిగింది. కోడలి తలను ఒళ్ళోకి తీసుకుంది. ఇద్దరూ ఏడ్చారు. సైదులు దొడ్లోకి వెళ్ళి గొర్ల మధ్య నిలబడ్డాడు.

మరునాడు పదకొండు గంటలకు గిర్దావర్, సర్వేయర్ గొలుసుతో వచ్చారు. మంజులత వచ్చింది. ఊరివాళ్ళు వచ్చారు. కొందరు పొద్దునే పెద్దలకు బియ్యమిచ్చి వచ్చారు. ఆడపిల్లలు సాయంత్రం బతుకమ్మకు పూలు తెంపుతూ గుట్ట మీద ఉన్నారు. సర్వేయర్ కొలిచిన చోట రాయి పాతారు. గుర్వమ్మ ముందు నడిచింది. పసుపు, కుంకుమ కలిపిన బియ్యం చేటలోంచి పిడికిలితో తీసి హద్దు పొడుగునా చల్లింది. వెనక వాళ్ళు "పొలో పొలి" అని అరిచారు. మూడు మూలలకు రాళ్ళు పడ్డాయి.

అప్పుడు షెడ్డు తలుపు తెరుచుకుంది.

సోమన్న రెండు చేతుల్లో తలను పట్టుకుని బయటికి వచ్చాడు. నేల మీద బూడిద పోసి దాని మధ్యలో పెట్టాడు. దాని ముందు నిప్పు రాజేశాడు. ఎదురుగా కూర్చున్నాడు. మబ్బు తునక లేదు. ఉరిమింది! గుట్ట మీద పూలు తెంపే పిల్లలు కిందికి పరిగెత్తారు. పట్టపగలు ఒక గుడ్లగూబ వచ్చి మూడో రాయి మీద వాలింది. సర్వేయర్ గొలుసు వదిలేశాడు.

"సర్పంచ్ గారూ, జల్దీ పెట్టండి," అన్నాడు గిర్దావర్. కాగితాలను తన బండి సీటు మీద పరిచాడు.

యాదలక్ష్మి కలం తీసుకుంది. సోమన్న పెదవులు కదిలాయి. ఆమె మెడ వెనక్కి వాలింది. కళ్ళల్లో నల్లగుడ్డు కనిపించలేదు. నోరు తెరుచుకుంది. వచ్చింది ఆమె గొంతు కాదు.

"అమ్మా... రాయకు! రాస్తే నేను పోత... రాయకమ్మా!"

సైదులు ఆ గొంతు విన్నాడు. ఏడాది తర్వాత విన్నాడు.

"రాయదు!" అని సోమన్న కేక వేశాడు. "ఏ తల్లి రాస్తది! పోండ్రి... పోకుంటే మీ ఇండ్లల్ల పిల్లలు మిగలరు!"

గిర్దావర్ రెండడుగులు వెనక్కి వేశాడు. గుర్వమ్మ ఆగలేదు. మూడో రాయి దాటి నాలుగో మూలకు నడుస్తూనే ఉంది. గుడ్లగూబ ఎగిరిపోయింది. ఆమె చల్లిన బియ్యం షెడ్డు వెనక వైపు పడుతున్న కొద్దీ యాదలక్ష్మి నోట్లోంచి వచ్చే గొంతు మారింది. ముందు అరిచింది. తర్వాత మామూలుగా, పిల్ల నిద్ర లేచినట్టు, మాట్లాడింది.

"అమ్మా, ఈ తాత నన్ను నిప్పుల దగ్గర కూసోబెడ్తాండు. కాళ్ళు కాలుతున్నయ్."

యాదలక్ష్మి కళ్ళు మామూలయ్యాయి. ఇప్పుడు ఆ ఒక్క నోట్లోంచి రెండు గొంతులూ వచ్చాయి.

"నేను రాస్తే మళ్ళ మాట్లాడ్తవా బిడ్డా?"

"లేదమ్మా."

"ఒక్కసారన్న?"

"లేదమ్మా... నిద్రొస్తాంది."

యాదలక్ష్మి బండి సీటు మీదికి వంగి సంతకం పెట్టింది. మంజులత ఏడుస్తూ దాని కింద పంచాయతీ ముద్ర వేసింది. గుర్వమ్మ చివరి పిడికిలి చల్లింది. నాలుగో రాయి నేలలోకి దిగింది.

నిప్పు ఆరిపోయింది. బూడిద ముగ్గు లోపలికి కుంగింది. సోమన్న లేచాడు. నేల అంతటా, ఎప్పుడో కప్పిన కంపలు కదలడం మొదలైంది. గాలి లేదు! అవి నేలను రాసుకుంటూ అతని వైపు వచ్చాయి. అతను పరిగెత్తాడు. హద్దు దాకా వచ్చాడు. చల్లిన బియ్యం మీద కాలు పెట్టబోయి, గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోయాడు. ఇంకో వైపు పరిగెత్తాడు. అక్కడా ఆగిపోయాడు.

"నన్ను పోనియ్యుండ్రి! నేను ఈ ఊరోన్ని గాదు!"

"ఔ," అంది గుర్వమ్మ. "కావు."

అతను పడిపోయాడు. పిల్లలు చాలామంది ఒక్కసారి నవ్వినట్టు వినిపించిందని కొందరన్నారు. ఏడ్చినట్టు వినిపించిందని ఎక్కువ మంది అన్నారు. కంపలు ఆగాక సైదులు దగ్గరికి వెళ్ళి చూశాడు. సోమన్న అప్పటికే చనిపోయాడు, నోటి నిండా మట్టితో.

షెడ్డులో మంచం కింద గుంతలో మరో నాలుగు తలలు దొరికాయి. పోలీసులు ఐదింటినీ పరీక్షకు పంపారు. డిసెంబర్‌లో తిరిగి వచ్చాయి. అన్నీ ఆరేళ్ళ లోపు పిల్లలవని రాశారు. ఏది ఎవరిదో చెప్పలేమన్నారు. బూడిదలో ఉన్నది ఏదో కూడా అప్పటికి ఎవరూ గుర్తుపట్టలేకపోయారు. తామూ కంప తీశామని ఊళ్ళో ఇంకో ముగ్గురు తల్లులు ఒప్పుకున్నారు. ఐదో తల్లి ఎవరో తెలియలేదు.

పంచాయతీ వాళ్ళు ఆ నేలలో ఒకే గుంత తీయించారు. తల్లులను రావద్దని ఈసారి ఎవరూ అనలేదు. నలుగురూ వచ్చారు. భాగ్యలక్ష్మి కూడా వచ్చింది. గుంతలో పెట్టే ముందు యాదలక్ష్మి ఐదు తలలను ఒక్కొక్కటిగా తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది. తొందర పడమని ఎవరూ అనలేదు. ఏదీ మాట్లాడలేదు.