రెడ్యా మలుపులో నెత్తుటి తువ్వాల

కొత్తగూడెం నుంచి అడవిలోకి తిరిగే మా దారిలో రెడ్యా మలుపు ఉంది. పొద్దుగూకాక అక్కడ ఎవరూ బండి ఆపరు. నడిచిపోయేవాళ్ళు ఒక పచ్చని రెమ్మ తుంచి, దారి పక్క కుప్ప మీద వేసి, వెనక్కి చూడకుండా పోతారు.

రెడ్యా పాలు పోసే మనిషి. పన్నెండేళ్ళ కింద ఊళ్ళో ఎడ్లు కనిపించకపోతే, అతనే తోలుకుపోయాడని ఆ మలుపులో కొట్టి చంపారు. మూడోనాడు ఎడ్లు వాటంతటవే ఇంటికొచ్చాయి... అప్పటినుంచి రాత్రిళ్ళు అక్కడ పాల క్యాను చప్పుడు వినిపిస్తుందంటారు.

ఊరు సిగ్గుతో చావాలి కదా? చావలేదు సరికదా, ఆ దెయ్యాన్నే జడ్జిని చేసి కూర్చోబెట్టింది. తప్పు చేసినవాడి బట్ట ఆ కుప్ప మీద పెడితే చాలు, రెడ్యా చూసుకుంటాడట. నాలుగేళ్ళలో ఇద్దరు ఆ మలుపులోనే పోయారు. ఫోన్లలో దెయ్యం సినిమాలు చూసి ఈలలేసే పోరగాళ్ళకు ఇదో మహా ముచ్చట. సినిమాలో దెయ్యం తప్పు చెయ్యనివాణ్ణి పట్టదు, నిజమే. చెడ్డవాడెవడో మనకు ముందే చూపిస్తారు కాబట్టి. గంగక్కకు ఎవరు చూపించారు?

గంగక్క కూతురు శారద తునికాకు కోసి వస్తుంటే ఏదో బండి గుద్దేసి ఆగకుండా పోయింది. రెండు రోజులైనా భద్రాచలం దవాఖానాలో ఆ పిల్ల కళ్ళు తెరవలేదు. తలకు కట్టి ఉన్న తువ్వాల మా ఊరి సతీష్‌ది. ఊళ్ళో ఒళ్ళు తెలియకుండా బైకు నడిపేది వాడే. అడిగితే తల దించుకున్నాడు. ఇంకేం కావాలి?

బట్టలు తీసుకుపోదామని ఊరికొచ్చిన గంగక్క, దవాఖానాలో విప్పి ఇచ్చిన ఆ నెత్తుటి తువ్వాలను ఆ సాయంత్రమే కుప్ప మీద పెట్టింది. వచ్చి ఊరి పెద్దమనిషి సీతయ్యకు చెప్పింది.

"సతీష్‌ది పెట్టొచ్చిన బావా."

"ఇగ రంది పడకు. రెడ్యా సూసుకుంటడు."

రాత్రి పదింటికి దవాఖానా నుంచి చెల్లెలు పుష్పలత ఫోన్ చేసింది.

"అక్కా... శారద కండ్లు తెరిసింది! గుద్దింది తెల్ల కారట. సతీషే తువ్వాల కట్టి ఆటో ఎక్కిచ్చిండట. కేసు మీద పడ్తదని భయపడి ఎవ్వరికీ సెప్పలే..."

సతీష్ బొగ్గుబాయిలో రెండో షిఫ్టు. ఫోన్ కలవదు. పన్నెండు గంటలకు వాడు ఆ మలుపు మీదుగానే ఇంటికి రావాలి.

పెట్టిన బట్ట తీస్తే, తీసినవాళ్ళనే రెడ్యా పట్టుకుంటాడంటారు. పట్టుకుంటే పట్టుకోనీ అనుకుంది. టార్చి తీసుకుని బయల్దేరింది.

మలుపు దగ్గర కీచురాళ్ళు కూడా ఊరుకున్నాయి... తువ్వాల తీసింది. తీసి తన మెడకే చుట్టుకుంది.

"రెడ్యా!" అంది చీకటితో. "తప్పు నాది. పట్టుకుంటే నన్ను పట్టుకో. నిన్ను గూడ గిట్లనే అనుమానం మీద సంపిర్రు గదా... నువ్వూ గదే పని సేస్తవా? సిగ్గు లేదా నీకు?"

కాసేపటికి టేకాకుల మీద అడుగులు... ఒక్కరివి కావు. దూరాన బైకు లైటు మెరిసింది. అంతే, రోడ్డుకు అడ్డంగా, మెడంత ఎత్తున ఒక తాడు లేచింది.

తాడా? దెయ్యానికి తాడెందుకు?

టార్చి అటు కొట్టింది. కర్ర పట్టుకుని సీతయ్య! వెనక ఇంకో ఇద్దరు.

"నువ్వే పెడ్తివి గదనే," గొణిగాడు సీతయ్య. "జరుగు."

"నేనే పెట్టిన, నేనే తీసిన! ఆ పోరడు నా బిడ్డను బతికిచ్చిండు!"

"పెట్టినంక తీసుడు లేదు. గట్ల తీస్తే ఇగ ఊరికి భయమేముంటది?"

"అట్లనా? బట్ట ఇప్పుడు నా మెడల ఉన్నది. కొట్టు బావా. రెడ్యాను కొట్టినట్టే కొట్టు!"

గంగక్క రోడ్డు నడుమ నిలబడింది. టార్చి ఊపుతుంటే బైకు కీచుమంటూ తాడుకు అవతలే ఆగింది. దాని లైటు అందరి మీదా పడింది. సీతయ్య కర్ర ఎత్తాడు. ఎత్తినవాడు ఆగిపోయాడు... చూపు ఆమె భుజం మీదుగా వెనక్కి పోయింది. కర్ర జారింది. ముగ్గురూ తాడు వదిలేసి అడవిలో పడి పరుగో పరుగు.

"ఉరుకుర్రి!" కేకేసింది గంగక్క. "రెడ్యా పేరు జెప్పి మనుషులను సంపే దెయ్యాలు మీరే! తెల్లారనీ, ఠాణాల మీ ముగ్గురి పేర్లు సెప్త!"

సతీష్ బైకు దిగి వచ్చాడు. గంగక్క వాడి చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

"నన్ను మాఫ్ జెయ్ బిడ్డా..."

వాడి చెవికి ఆ మాట ఎక్కలేదు.

"అత్తా... నీ ఎన్క పాల క్యాను పట్టుకొని నిలబడ్డాయన ఎవరు?"

గంగక్క వెనక్కి చూడలేదు. మెడలోని తువ్వాల విప్పి వాడి చేతిలో పెట్టింది.

"మనోడే," అంది. "బండి తియ్యి."