సుల్తాన్ బీ వేలు

కరీంనగర్‌లోని మమతారాణి డిటెక్టివ్ ఆఫీసులోకి వచ్చిన నాజ్నీన్, తన ఫోన్‌ను బల్ల మీద పెట్టి మళ్లీ ముట్టుకోవడానికి భయపడింది.

"మేడం, మా అమ్మీ చచ్చిపోయి నలభై దినాలైంది. నేనే స్నానం చేయించిన, నేనే కఫన్ కప్పిన. ఇగో, ఇది పొద్దుగాల వచ్చింది."

అసిస్టెంట్ దేవదాస్ మెసేజ్ పైకి చదివాడు. "సుల్తాన్ బీ, మెట్‌పల్లి. వేలిముద్ర సరిపోయింది. ఉట్నూర్ ఆసుపత్రి, ఉదయం 9.40." దయ్యాల మీద అతనికి నమ్మకం లేదు గానీ భయం మాత్రం దండిగా ఉంది.

"అమ్మీ ఏం పని చేసేది?" మమతారాణి అడిగింది.

"నలభై ఏండ్లు బీడీలు చుట్టింది మేడం. వేళ్ల కొసలు అరిగి నున్నగయినయ్."

"మరి వేలిముద్ర ఎట్ల పడ్డది?"

"ఏమో. మెట్‌పల్లిల వేలిముద్ర నమోదుకు మా చెల్లె ముబీనా తోల్కపోయింది, ఫోన్ నంబరు నాది ఇచ్చింది." ఆ పేరు ఎత్తగానే నాజ్నీన్ కళ్లు నిండాయి. "అది మూడు నెలల సంది లేదు. గిక్కడ మా మామ కొడుకు ముకర్రం వేలిముద్రల కేంద్రంల పనిచేస్తడు. దాని వేలు గూడ ఆయనే ఎక్కించిండు. ఆయనతోని కొట్లాడిన తెల్లారే పోయింది. ఆదిలాబాద్ బస్సెక్కించిన అంటడు. దాని ఫికర్‌తోనే అమ్మీ పోయింది. అమ్మీ రూహ్, గదే ఆత్మ, దాని కోసం తిరుగుతున్నదా మేడం?"

దేవదాస్ కుర్చీ గోడవైపు జరుపుకున్నాడు. మమతారాణి మాత్రం చెప్పులు తొడుక్కుంది.

కేంద్రంలో ముకర్రం చాయ్ తెప్పించాడు. "ఇరవై ఊర్లు, ఇరవై కంప్యూటర్లు మేడం. ఏ ఊరి వేళ్లు ఆ ఊరి దాంట్లనే. మొన్నటిదాకా దేనికదే. ఈ నెల సంది కలిపిన్రు. ఎక్కడ వేలు పెట్టినా ఇరవై ఒక్కసారే వెతుకుతయ్. దొరికినది జవాబిస్తది."

"చచ్చినామె వేలు గూడ దొరుకుతదా?"

"మిషన్ గలతీ. పరేషాన్ గావద్దు."

"జర ముబీనా రికార్డు చూడు."

ముకర్రం కీబోర్డు ముట్టనేలేదు. "ఆ పేరు ఈ కంప్యూటర్ల లేదు మేడం" అన్నాడు.

బయటికి రాగానే మమతారాణి ఉట్నూర్ ఆసుపత్రికి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది. ఏం విన్నదో దేవదాస్‌కి చెప్పలేదు.

మర్నాడు నాజ్నీన్ ఇంట్లో ఆమె తండ్రి అజీముద్దీన్‌నూ ముకర్రంనూ కూర్చోబెట్టి, మమతారాణి ఫోన్‌లో నర్సుతో అంది. "ఇప్పుడు పెట్టించు వినోదా."

నాజ్నీన్ ఫోన్ టింగుమంది. సుల్తాన్ బీ. వేలిముద్ర సరిపోయింది.

"యా అల్లా!" అజీముద్దీన్ లేచి నిలబడ్డాడు. దేవదాస్ గోడకు అంటుకుపోయాడు.

"భయపడకుండ్రి. ఆ వేలు బతికున్న పిల్లదే" అంది మమతారాణి. "మూడు నెలల కింద ఉట్నూర్ అడవిల, తలకు దెబ్బతోని దొరికింది. మాట లేదు, పేరు తెల్వదు. వేలు చూసే మిషన్ ఆ ఆసుపత్రికి నిన్ననే వచ్చింది. సుల్తాన్ బీ అరిగిన వేళ్లను మెట్‌పల్లిల మిషన్ పట్టలే. లైన్ల నిలబడి తల్లి అలసిపోతే, ముబీనా తన వేలే పెట్టింది. అంటే ఒక్క వేలు రెండు ఊర్లల్ల ఉండాలె. మెట్‌పల్లిల తల్లి పేరున, గిక్కడ తన పేరున. మరి జవాబు ఒక్కటే ఎందుకొచ్చింది ముకర్రం?"

ముకర్రం లేచి తలుపు వైపు చూశాడు.

"చూడకుండనే లేదన్నవు. తుడిపింది నువ్వే గనక. శవం దొరికినా పేరు దొరకొద్దనుకున్నవు. నీ చేతిల ఉన్నది కరీంనగర్ కంప్యూటరే. తల్లి పేరు చాటున ఆ వేలు ఇంకో ఊర్ల ఉన్నదని నీకు తెల్వలే."

"దొంగ పేర్లెక్కిస్తున్నవని రిపోర్టిస్తనన్నది..." ముకర్రం తల పట్టుకున్నాడు. "ఉట్నూర్ అడవిల బండి మీదికెళ్లి కిందికి తోసిన. చచ్చిపోయిందనుకున్న." వాకిట్లో మమతారాణి పిలిపించిన ఎస్సై అతని కోసమే నిలబడి ఉన్నాడు.

నాజ్నీన్ మమతారాణి చేతిలోని ఫోన్ లాక్కుని ఏడుస్తూ పిలిచింది. "మున్నీ! నేను, ఆపాను, నీ అక్కను!"

అవతల, మూడు నెలలుగా మూగబోయిన గొంతు పలికింది.

"ఆపా... అమ్మీ ఏది?"

నాజ్నీన్ కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది.

"నిన్ను దొరకబట్టింది అమ్మీనే బేటా. నేను వస్తున్న."

దేవదాస్ కళ్లు తుడుచుకుంటూ జీపు కోసం పరుగెత్తాడు.